దీవి భాషకు కొత్త పాట

బతుకుతెరువు కోసం దీవుల నుంచి పట్నానికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఒక సంఘం పెట్టుకోవడం, ఏడాదికి ఒకటి రెండుసార్లు హాలు తీసుకొని కలుసుకోవడం, ఊరి మాటలు మాట్లాడుకొని, ఊరి పాటలు పాడుకొని, భోంచేసి ఇళ్ళకు పోవడం మనవాళ్ళకు తెలియని తంతు కాదు. చెన్నైలో, బెంగళూరులో, ముంబైలో మన సంఘాలు చేస్తూ వచ్చిన పని అదే. 1973లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో, కెల్విన్ హాలు అనే చోట అట్లాంటి కూడిక ఒకటి జరిగింది. అది నార్త్ యూయిస్ట్, బెర్నరా దీవులవాళ్ళ సంఘం. ఆ రాత్రి వాళ్ళ నాట్యాలకు వాయించడానికి ముగ్గురు కుర్రవాళ్ళు వచ్చారు. రోరీ మెక్‌డొనాల్డ్, అతని తమ్ముడు కేలమ్, వాళ్ళ స్నేహితుడు బ్లెయిర్ డగ్లస్. గిటారు, డ్రమ్ములు, అకార్డియన్. తమకు వాళ్ళు పెట్టుకొన్న పేరు రన్‌రిగ్ డాన్స్ బ్యాండ్.

పెళ్ళిళ్ళకు, సంఘాల విందులకు వాయించే బృందాలు ఆ రోజుల్లో ఆ దేశంలో ఎన్నో ఉండేవి. వాటిలో ఇది ఒకటిగా మిగిలిపోయి ఉంటే దీన్ని గురించి రాయవలసిన పని ఉండేది కాదు. ఈ కుర్రవాళ్ళు తమ ఇంటి భాషలో సొంతంగా పాటలు కట్టారు. పాత పాటలకు కొత్త వాద్యాలు తగిలించడం కాదు నేను చెప్పేది. ఈనాటి సంగతి మీద, ఈనాటి మనిషి మాటలతో, ఎవరూ అదివరకు పాడని పాట. ఆ భాష గాలిక్. దాన్ని మాట్లాడేవాళ్ళు అప్పటికి తొంభై వేలకు లోపే.

పేరు సంగతి ముందు చెప్పాలి. రన్‌రిగ్ అంటే ఒకప్పుడు స్కాట్లండు పల్లెల్లో భూమిని పంచుకొనే పద్ధతి. ఊరి పొలాన్ని పొడుగాటి పట్టీలుగా విడదీస్తారు. మంచి నేల, చవిటి నేల, రాళ్ళ నేల అన్నిటిలోనూ ప్రతి ఇంటికీ ఒక్కొక్క పట్టీ వస్తుంది. కొన్నేళ్ళకొకసారి చీట్లు వేసి మళ్ళీ మార్చుకొంటారు. ఒకడికే మంచి నేల, ఇంకొకడికే రాళ్ళ నేల అనేది ఉండదు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి భూస్వాములు ఈ పద్ధతిని ఎత్తివేసి, రైతులను చిన్న చిన్న కమతాల్లోకి తోశారు, లేదా నేల నుంచే తరిమారు. ఆ ఖాళీ చేసిన కొండల మీద గొర్రెలను వదిలారు. హైలాండ్స్ అనే ఆ కొండ ప్రాంతపు చరిత్రలో ‘క్లియరెన్సెస్’ అన్న ఒక్క మాటలో ఈ కథంతా ఉంది. డాన్స్ బ్యాండుకు పోయిపోయి పాతకాలపు భూమి పంపకం పేరు పెట్టుకోవడం చూస్తే, ఆ కుర్రవాళ్ళ మనసు అప్పటికే ఎటు ఉందో తెలుస్తుంది.

ఆ 1973వ సంవత్సరమే ఒక విచిత్రమైన సంవత్సరం. స్కై దీవిలో దక్షిణాన ఒక పాత పశువుల కొట్టంలో సావల్ మోర్ ఒస్టాగ్ అనే గాలిక్ కళాశాలకు పునాది పడింది ఆ ఏడే. ఆ పేరుకు అర్థమే ‘ఒస్టాగ్ పెద్ద కొట్టం’. జాన్ మెక్‌గ్రాత్ రాసిన నాటకం ఒకటి, గొర్రెల కాలం నుంచి సముద్రపు చమురు కాలం దాకా హైలాండ్స్ నేల ఎవరెవరి చేతుల్లోకి పోయిందో చెప్పేది, ఊరూరా హాళ్ళలో ఆడింది కూడా ఆ ఏడే. ఒకరు చెప్పి ఇంకొకరు చేసిన పనులు కావు ఇవి. కాని మూడూ ఒకే గాలి పీల్చాయని నా అభిప్రాయం.

మెక్‌డొనాల్డ్ సోదరులు నార్త్ యూయిస్ట్‌లో కొంతకాలం, ఆ తరవాత స్కైలో పెరిగారు. వాళ్ళతో 1974లో చేరిన గాయకుడు డానీ మన్రో స్కైలోని యూయిగ్ వాడు. వృత్తికి చిత్రలేఖనం మాస్టారు. కొద్ది కాలానికి చేరిన మాల్కమ్ జోన్స్ గిటారు వాయిస్తాడు, బ్యాగ్‌పైపూ వాయిస్తాడు. (మన వీధి భాగవతాల్లో శ్రుతికి పట్టే తిత్తి ఈ బ్యాగ్‌పైపుకు దూరపు చుట్టం. తోలు సంచిలోకి గాలి ఊది చంకకింద నొక్కడం రెండింట్లోనూ ఒకటే.) పాటలు రాసేది మాత్రం చివరిదాకా ఎక్కువగా ఆ ఇద్దరు అన్నదమ్ములే.

వీళ్ళ చెవుల్లో చిన్నప్పటి నుంచి రెండు రకాల పాట ఉంది. ఒకటి పని పాట. నేసిన ఉన్ని బట్టను తడిపి, బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు దాన్ని లయగా కొడుతూ, ఒకరు అందిస్తే తక్కినవాళ్ళు అందుకొనే పాట. మన దంపుళ్ళ పాటలు తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. రెండోది చర్చిలో పాడే కీర్తన. ఆ దీవుల ప్రెస్బిటేరియన్ చర్చిల్లో వాద్యం ఉండదు. ముందు కూర్చున్న ఒకాయన ఒక పాదం ఎత్తుకొంటే, జనమంతా ఎవరి సాగదీత వారిదిగా, అలల మీద అలలుగా దాన్ని అనుసరిస్తారు. వినడానికి సముద్రపు హోరులా ఉంటుంది. ఈ రెంటికీ తోడు రేడియోలో వచ్చే బీటిల్స్ పాట. ఈ మూడూ కలిసిన గొంతు రన్‌రిగ్‌ది.

దుకాణాల్లో వీళ్ళ రికార్డులను ‘కెల్టిక్’ అన్న అరలో పెడతారు. ఆ మాటతో నాకు కొంచెం పేచీ ఉంది. కెల్టిక్ అనేది మొదట భాషల కుటుంబం పేరు. 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే వేల్స్ పండితుడు ఐర్లండు, స్కాట్లండు, వేల్స్, కార్న్‌వాల్, బ్రిటనీ భాషల చుట్టరికాన్ని పట్టి చూపాడు. సంగీతానికి ఆ పేరు అంటింది చాలా తరవాత, అదీ ఎక్కువగా వ్యాపారం కోసం. ‘ద్రావిడ సంగీతం’ అని ఒక అర పెట్టి తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం పాటలన్నీ దానిలో వేస్తే ఎట్లా ఉంటుందో ఇదీ అట్లానే. రన్‌రిగ్ పాట కెల్టిక్ అనడం కన్నా స్కై దీవి పాట అనడం నాకు సబబుగా తోస్తుంది.

వాళ్ళ మొదటి ఆల్బమ్ ‘ప్లే గాలిక్’ 1978లో వచ్చింది. పేరుకు తగ్గట్టు పాటలన్నీ గాలిక్‌లోనే. గిటార్లతో, డ్రమ్ములతో, ఆ కాలపు కుర్రకారు పాటల పద్ధతిలో, కొత్తగా కట్టిన పాటలతో గాలిక్‌లో ఒక పూర్తి రికార్డు అంతకుముందు లేదు. అందులో ‘చలికాలం కనిపిస్తోంది’ అనే అర్థం వచ్చే పాట ఒకటి ఇప్పటికీ దీవుల ఇళ్ళలో పాడుకొంటారు. మరుసటి ఏడు, 1979లో, ‘హైలాండ్ కనెక్షన్’. దాన్ని వాళ్ళే పెట్టుకొన్న రిడ్జ్ రికార్డ్స్ సంస్థ ద్వారా విడుదల చేశారు. బయటి కంపెనీల మీద ఆధారపడకుండా సొంత సంస్థ పెట్టుకోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది కాని, ఏ పాట ఏ భాషలో ఉండాలో చెప్పే మనిషి నెత్తిన లేకపోవడం అన్నది ఒక చిన్న భాషకు చాలా పెద్ద విషయం.

‘హైలాండ్ కనెక్షన్’లో ‘ఫిహద్ బ్లియన’ అనే పాట ఉంది. ఇరవై ఏళ్ళు అని అర్థం. నాకు గాలిక్ రాదు. ఇంగ్లీషు అనువాదాల సాయంతోనే ఈ పాటలు చదువుకొన్నాను. అయినా వీళ్ళ పాటలన్నిట్లో నన్ను ఎక్కువగా నిలబెట్టింది ఇదే. పాటలో మాట్లాడేవాడు బడికి పోయాడు, చదువుకొన్నాడు, పరీక్షలు ప్యాసయ్యాడు. ఇరవై ఏళ్ళ తరవాత కాని అతనికి తెలియలేదు, తన సొంత మనుషుల చరిత్ర ఆ చదువులో ఎక్కడా లేదని. దాన్ని తానే వెతుక్కోవలసి వచ్చిందని. ఏడుపు పాట కాదిది. కోపం ఉంది, కాని లెక్క అడిగే మనిషి కోపం అది.

ఆ కోపానికి కారణం కాగితాల మీద ఉంది. 1872 నాటి విద్యా చట్టం స్కాట్లండు పిల్లలందరికీ చదువు తప్పనిసరి చేసింది. గాలిక్ మాటే అందులో ఎత్తలేదు. నిషేధించలేదు, ఊరికే వదిలేసింది. వదిలేయడం నిషేధం కన్నా మెత్తటి పని, కాని ఫలితం దాదాపు అంతే. బడిలో గాలిక్ మాట్లాడి దెబ్బలు తిన్న ముచ్చట్లు ఆ తరాలవాళ్ళ జ్ఞాపకాల్లో కొల్లలు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. ఇంటి భాష తిండికి, తిట్టుకు, దేవుడికి. బడి భాష ఉద్యోగానికి. 1891 లెక్కల్లో గాలిక్ వచ్చినవాళ్ళు సుమారు రెండున్నర లక్షలు. 1971 నాటికి సుమారు 89 వేలు.

తమిళనాడులో 2006 చట్టం తరవాత మన పిల్లల చదువులో తెలుగు ఎట్లా జరుగుతూ జరుగుతూ పక్కకు పోయిందో చూసిన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల పాఠకులు ఈ పాటను నాకన్నా బాగా అందుకొంటారు. రెండు చోట్ల కథా ఒకటే అని నేను అనను. మన భాషకు వెనక రెండు రాష్ట్రాలున్నాయి, కోట్ల మంది ఉన్నారు. గాలిక్‌కు వెనక ఎవరూ లేరు. కాని ఇంట్లో మాట్లాడే భాషలో తన పేరు రాయడం రాని పిల్లవాడు రెండు చోట్లా ఒక్కడే.

1981లో వచ్చిన ‘రికవరీ’ అనే ఆల్బమ్‌తో వాళ్ళు వెతుక్కొన్న చరిత్ర పాటల్లోకి వచ్చింది. స్కైలో బ్రేస్ అనే పల్లె ఉంది. అక్కడి రైతులు పశువులు మేపుకొనే కొండ మీద తమ హక్కు తమకు తిరిగి కావాలని అద్దె కట్టడం మానేశారు. 1882 ఏప్రిల్‌లో గ్లాస్గో నుంచి యాభైమంది దాకా పోలీసులు వచ్చారు. ఆడవాళ్ళు రాళ్ళు పట్టుకొని ఎదురు నిలిచారు. దెబ్బలు తిన్నవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. ఆ గొడవ పత్రికల్లోకి ఎక్కి, మరుసటి ఏడు నేపియర్ కమిషన్ అనే విచారణ సంఘం దీవులన్నీ తిరిగి, 1886లో చిన్న కమతాల రైతులకు భూమి మీద స్థిరమైన హక్కు ఇచ్చే చట్టం వచ్చింది. ఆ ప్రాంతపు రైతు పోరాటాల నెత్తురే ‘రికవరీ’ పాటల్లో పారుతుంది. ఆ ఆల్బమ్‌లోనే ‘సైన్యపు నేల’ అనే అర్థం వచ్చే గాలిక్ పాట మరొకటి ఉంది. యుద్ధాలకు కుర్రవాళ్ళను ఇచ్చి, చివరికి నేలను కూడా మిలిటరీకి ఇచ్చుకొన్న ప్రాంతం అది. సౌత్ యూయిస్ట్‌లో రాకెట్లు పరీక్షించే స్థావరం 1950ల చివరి నుంచి ఉంది. జానపద గేయాల సంకలనంలో ఇట్లాంటి పాట దొరకదు. ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

1984లో విడిగా వచ్చి, మరుసటి ఏడు ‘హార్ట్‌లాండ్’ ఆల్బమ్‌లో చేరిన ‘డాన్స్ కాల్డ్ అమెరికా’ మీద కొంచెం ఆగాలి. ఇది ఇంగ్లీషు పాట. దీని పేరు 1773 నాటిది. ఆ ఏడు డాక్టర్ జాన్సన్, ఆయన జీవితచరిత్ర రాసిన బాస్‌వెల్ కలిసి దీవుల పర్యటనకు వచ్చారు. స్కైలోని ఆర్మడేల్‌లో ఒక రాత్రి అందరూ కలిసి ఆడిన నాట్యాన్ని బాస్‌వెల్ తన దినచర్యలో వర్ణించాడు. ఒక జంట మొదలుపెడుతుంది, ఇంకొక జంటను కదిలిస్తుంది, వాళ్ళు మరొకరిని. చివరికి గదిలో అందరూ సుడిలో పడి తిరుగుతుంటారు. దీవి వదిలి వలసపోవడం ఊరు ఊరంతా ఎట్లా అంటుకొంటుందో చూపే నాట్యమట అది. దాని పేరు అమెరికా. వలసను నాట్యంగా కట్టుకొన్న ఆ జనాన్ని తలచుకొంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అప్పటికి ఇంకా ఇష్టంతోనో, ఆశతోనో పోతున్నారు. తరవాతి వంద ఏళ్ళలో ఇళ్ళ కప్పులు పీకి పంపించారు. స్కైలోనే బొరేరెగ్, సుయిష్నిష్ అనే రెండు పల్లెలను 1853లో ఖాళీ చేయించారు. గోడల మొండాలు ఇంకా ఉన్నాయి. రన్‌రిగ్ పాట ఈ నాట్యం పేరును తీసుకొని, ఆ తరవాత జరిగినదంతా దానికి జోడించింది. హుషారుగా గంతులు వేయించే పాట. మాటలు విన్నవాడికి మాత్రం కాళ్ళు కాస్త తడబడతాయి.

1987 నాటి ‘ది కట్టర్ అండ్ ది క్లాన్’తో వాళ్ళ దశ తిరిగింది. ఆ ఏడే ఎడింబరోలోని మరీఫీల్డ్ మైదానంలో యూ2 బృందం కచేరీకి ముందు పాడారు. క్రిసాలిస్ అనే పెద్ద కంపెనీ వాళ్ళతో ఒప్పందం చేసుకొని ఈ ఆల్బమ్‌ను మళ్ళీ విడుదల చేసింది. ఇందులో ‘ఆల్బా’ అనే పాట ఉంది. ఆల్బా అంటే గాలిక్‌లో స్కాట్లండు. మూతపడ్డ పరిశ్రమలు, పాడుపడ్డ ఉత్తరాది, వీటితో పాటు ఎడింబరోలో అధికారం లేక, గొంతు లేక ఖాళీగా పడి ఉన్న ఒక భవనం ప్రస్తావన కూడా పాటలో వస్తుంది. 1979లో స్కాట్లండుకు సొంత శాసనసభ కావాలా అని ప్రజల ఓటు అడిగారు. అవునన్నవాళ్ళే ఎక్కువ, కాని మొత్తం ఓటర్లలో 40 శాతం అవునని ఉండాలన్న షరతు పెట్టడంతో అది వీగిపోయింది. సభ కోసం సిద్ధం చేసిన పాత బడి భవనం అట్లానే ఉండిపోయింది. తొంభై వేల మందికి లోపే అర్థమయ్యే భాషలో దేశపు శాసనసభ గురించి పాట! ఇక్కడే ఈ బృందం చేసిన అసలు పని నాకు కనిపిస్తుంది. అమ్మమ్మ కాలాన్ని తలచుకోవడానికి మాత్రమే పనికివస్తుందనుకొన్న భాషను తెచ్చి, నిన్నటి ఎన్నికల మీద మాట్లాడించారు.

కాని అదే ఆల్బమ్‌లోని పది పాటల్లో గాలిక్ ప్రధానంగా ఉన్నవి ఒకటో రెండో. మొదటి ఆల్బమ్‌లో అన్నీ గాలిక్. తొమ్మిదేళ్ళలో ఇంత తేడా. జనం పెరిగేకొద్దీ భాష తగ్గింది. దీన్ని కొందరు ద్రోహమని అన్నారు. ఆ మాట నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ అన్నదమ్ములకు రెండు భాషలూ సొంతమే. బడి ఇంగ్లీషుతో పెరిగినవాళ్ళు ఇంగ్లీషులోనూ కలలు కంటారు. పైగా మైదానం నిండాలంటే అర్థమయ్యే మాట కావాలి. అయితే ఒక నష్టం మాత్రం జరిగింది. తరవాతి ఆల్బమ్‌లలో గాలిక్ పాట ఒక ఆచారంలా తయారైంది, పెళ్ళి భోజనంలో చివర వేసే తాంబూలంలా. అది లేకపోతే లోటు, కాని కడుపు నింపేది అది కాదు. ఆ తాంబూలం పాటలు మాత్రం చాలావరకు మంచి పాటలే.

1991 జూన్‌లో లోమండ్ సరస్సు ఒడ్డున బాలక్ పార్కులో జరిగిన కచేరీకి దాదాపు యాభై వేలమంది వచ్చారు. స్కాట్లండులో గాలిక్ మాట్లాడేవాళ్ళు ఆ ఏడు లెక్కల్లో సుమారు 66 వేలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యమూ కలుగుతుంది, దిగులూ కలుగుతుంది. ఆ జనంలో గాలిక్ పాటకు గొంతు కలిపినవాళ్ళలో చాలామందికి తాము అంటున్న మాటకు అర్థం తెలియదు. కచేరీల్లో అందరూ ఎదురుచూసే పాట ఏదంటే, ‘లాక్ లోమండ్’ అనే పాత పాట. ఇంగ్లీషుదే, అందరికీ చిన్నప్పటి నుంచి వచ్చిందే. 1979లోనే వాళ్ళు దాన్ని తమ బాణీలో రికార్డు చేశారు. 2007లో ఫుట్‌బాల్ అభిమానులతో కలిసి ఒక దాన కార్యక్రమం కోసం దాన్ని మళ్ళీ పాడితే బ్రిటన్ జాబితాలో మొదటి పదిలోకి ఎక్కింది. సొంతంగా నూరు పాటలు రాసినవాళ్ళు ఊరందరికీ తెలిసిన పాత పాటతోనే సభ ముగించవలసి రావడం, పాటగాళ్ళందరికీ ఉన్న తలరాతే.

పాత పాట, కొత్త పాట అన్న తేడాను చూపే ముచ్చట ఒకటి ఉంది. 1992లో కేపర్‌కేలీ అనే మరొక స్కాట్లండు బృందం గాలిక్ పాట ఒకటి బ్రిటన్ అమ్మకాల జాబితాలో మొదటి నలభైలోకి చేరింది. గాలిక్‌కు అది మొదటిసారి. కాని అది తరతరాలుగా ఉన్న ఉన్ని బట్టల పాట. 1995లో రన్‌రిగ్ పాట 18వ స్థానానికి పోయింది. దాని పేరుకు ‘అన్నిటికన్నా పైనున్న ఆపిల్’ అని అర్థం. తోట, చెట్టు, కోతకాలం, చెట్టు మీద ఎవరికీ అందని పండు: బైబిలు వాసన, చర్చి కీర్తన నడక ఉన్న పాట. మొదటి ఇరవైలోకి వెళ్ళిన మొదటి గాలిక్ పాట ఇదే. 1987లో వచ్చిన పాట ఎనిమిదేళ్ళ తరవాత ఎట్లా అమ్ముడుపోయిందంటారా? కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ టీవీ ప్రకటనలో వాడుకొంది. దీవుల చర్చి పెద్దలకు వాద్యమే పడదు. వాళ్ళ కీర్తనల నడకలో పుట్టిన పాట బీరు సీసా చేతపట్టుకొని దేశమంతా తిరిగింది! భాషను బతికించే దేవుడు ఏ రూపంలో వస్తాడో ఎవరికి తెలుసు.

ఇక్కడ మన సంగతి ఒక్క మాట చెప్పక తప్పదు. తంజావూరు సీమలో త్యాగయ్య తెలుగులో పాడాడు. క్షేత్రయ్య పదాలు అక్కడే వెలిగాయి. మేలట్టూరులో నరసింహ జయంతికి భాగవత మేళా వాళ్ళు తెలుగు నాటకాలను ఇంకా ఆడుతున్నారు. మనకు పాత పాటకు కొదవ లేదు. పొరుగువాళ్ళు కూడా నెత్తిన పెట్టుకొనే పాత పాట అది. కచేరీకి అది ఉంది, పెళ్ళికి హైదరాబాదు సినిమా పాట ఉంది. మన ఇళ్ళలో, పొరుగు భాష మాటలు కలిసి మనం మాట్లాడే తెలుగులో, ఈనాటి మన బతుకు మీద కట్టిన పాట ఎంత అరుదో పాఠకులకు తెలుసు. రన్‌రిగ్‌వాళ్ళకు త్యాగయ్య అంతటివాడు వెనక లేడు. ఉన్నది తక్కువ కాబట్టి రాసుకోవలసి వచ్చిందేమో.

1997లో డానీ మన్రో బృందాన్ని వదిలాడు. ఆ ఏడు మే ఎన్నికల్లో లేబర్ పార్టీ తరఫున స్కై ఉన్న నియోజకవర్గంలో నిలబడి, చార్ల్స్ కెనడీ చేతిలో ఓడిపోయాడు. తరవాత ఆ పాత కొట్టం కళాశాలలోనే చాలాకాలం పనిచేశాడు. కీబోర్డు వాయించే పీట్ విషార్ట్ 2001లో స్కాటిష్ నేషనల్ పార్టీ తరఫున గెలిచి పార్లమెంటుకు పోయాడు. పాటల్లో రాజకీయం ఉంటే పాటగాళ్ళు రాజకీయంలోకి పోతారన్నమాట, అదీ చెరొక పార్టీలోకి. మన్రో స్థానంలో 1998లో వచ్చిన బ్రూస్ గథ్రో కెనడాలోని కేప్ బ్రెటన్ దీవివాడు. స్కై నుంచి, యూయిస్ట్ నుంచి ఓడలెక్కి పోయినవాళ్ళు దిగిన తావుల్లో అదొకటి. గాలిక్ అతని మాతృభాష కాదు, నేర్చుకొని పాడాడు. ‘డాన్స్ కాల్డ్ అమెరికా’ పాటను అమెరికా ఒడ్డు నుంచి వచ్చినవాడు ఇరవై ఏళ్ళు పాడాడు. 2023లో అతను చనిపోయాడు.

మన దేశంవాళ్ళకు తెలియవలసిన ఒక సంగతి ఇక్కడే చెబుతాను. 2003లో కల్పనా చావ్లాతో పాటు కొలంబియా నౌకలో మరణించిన లారెల్ క్లార్క్ ఈ బృందానికి అభిమాని. అమెరికా నౌకాదళంలో ఉండగా స్కాట్లండులో పనిచేసింది. అంతరిక్షంలో ఆమెను నిద్రలేపడానికి రన్‌రిగ్ పాట వేశారు. ఆమె తీసుకుపోయిన వాళ్ళ డిస్కు శకలాల్లో దొరికితే, దాన్ని తరవాత బృందానికి అప్పగించారు. 2016 నాటి చివరి ఆల్బమ్‌లో చివరి పాట ఆమె కోసం రాసిందే.

2018 ఆగస్టు 17, 18 తేదీల్లో స్టర్లింగ్ కోట కింది మైదానంలో రెండు రాత్రులు పాడి రన్‌రిగ్ పని ముగించింది. జర్మనీ నుంచి, డెన్మార్క్ నుంచి కూడా జనం వచ్చారు. ఈ నలభై ఐదేళ్ళలో వాళ్ళ పాట గాలిక్‌కు ఏం చేసిందని అడిగితే, అంకెలు ఒక రకంగా చెబుతాయి. 2011 నాటికి మాట్లాడేవాళ్ళు సుమారు 57 వేలకు దిగారు. పాటలు జనాభాను పెంచవు. భాషకు కావలసింది బడి, ఉద్యోగం, ఇంట్లో అమ్మానాన్నలు ఆ భాషలో తిట్టడం. మరి ఆ తరంలో ఏ మార్పూ రాలేదా అంటే, వచ్చింది. 1985లో గాలిక్ మాధ్యమంగా ప్రాథమిక తరగతులు గ్లాస్గోలో, ఇన్వర్నెస్‌లో మొదలయ్యాయి. 2005లో గాలిక్ భాషకు చట్టం వచ్చింది, 2008లో టీవీ చానెల్ వచ్చింది. ఆ పనులు చేసినవాళ్ళలో చాలామంది ఈ పాటలు వింటూ పెరిగిన ఈడువాళ్ళు. పాట వల్లనే అయిందని నేను అనను. ఆ భాష మాట్లాడితే సిగ్గుపడవలసిన పని లేదన్న మాట మాత్రం కుర్రవాళ్ళకు ముందుగా గిటారు మీద వినిపించింది.

2022 లెక్కల్లో మాట్లాడేవాళ్ళు దాదాపు 70 వేలకు పెరిగారు. సంతోషించబోయేలోపు రెండో అంకె చూడాలి. గాలిక్‌కు పుట్టిల్లు అయిన పశ్చిమ దీవుల్లో దాన్ని మాట్లాడేవాళ్ళు మొదటిసారి సగానికి తగ్గారు, 45 శాతానికి. పెరుగుదల అంతా బయట, నేర్చుకొన్నవాళ్ళలో, పట్నాల్లో. ఇప్పుడు గ్లాస్గోలో మూడేళ్ళ పసివాళ్ళ నుంచి కాలేజీకి పోయే వయసు దాకా మొత్తం గాలిక్‌లోనే చదువు చెప్పే బడి ఉంది. 2006లో తెరిచారు. కెల్విన్ హాలుకు అది అట్టే దూరం కాదు. అక్కడి పిల్లల్లో చాలామంది ఇళ్ళలో గాలిక్ లేదు. బడిలో నేర్చుకొని సాయంత్రం ఇంటికి తీసుకుపోతారు.